ఆలస్యమైన నిప్పురవ్వ

మా ఇంటి వసారాలో 1978 నాటి అంబాసిడర్ ఒకటి ఉంది. మార్క్ 3, 1489 సి.సి. ఇంజను. హిందుస్తాన్ మోటార్స్ వారి ఉత్తరపారా కర్మాగారంలో 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయినప్పుడు, “ఇక మనదే ఆఖరుది” అని నాన్నగారు నవ్వారు. ఆ కారుకు ఆయన ఏనాడూ దీపం పెట్టి టైమింగు చూసినవారు కారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి చేర్చుకుని, కళ్ళు మూసుకుని వినేవారు. మూడేళ్ళ క్రితం ఆయనకు వినికిడి పోయింది. చెవి యంత్రం కొన్నాం గానీ, అది బల్లమీదే ఉంటుంది. మా మాటలన్నీ ఇప్పుడు పలకమీద.

గత చలికాలంలో కారుకు జబ్బు చేసింది. నిలిపి ఉంచితే ఇంజను వెక్కిళ్ళు, ఎత్తు ఎక్కమంటే మొరాయింపు. నేను అనుమానించింది కార్బరేటరును. మనలో చాలామంది అదే చేస్తాం, పైకి కనబడుతూ తిప్పడానికి రెండు స్క్రూలున్న వస్తువు కదా! విప్పి జెట్లు ఊదాను, గాస్కెట్టు మార్చాను, మిక్స్చర్ స్క్రూ కొంచెం కొంచెంగా వదులు చేస్తూ పోయాను. స్క్రూ వదిలినకొద్దీ పెట్రోలు ఎక్కువై కాసేపు తేరుకున్నట్టే ఉండేది. వారం తిరిగేసరికి ప్లగ్గులు నాలుగూ మసిబారాయి, వసారా అంతా పెట్రోలు వాసన. ఒక మెకానిక్కు చూసి, ఇంజను అరిగిపోయింది, పాత ఇనుముకు వేసెయ్యమన్నాడు. ఒకాయన బేరానికి వస్తానని ఆదివారం మాట కూడా ఇచ్చాడు. నాన్నగారు వద్దనలేదు. అదే నన్ను బాధించింది.

శనివారం సాయంత్రం ఇంజను నడుస్తుండగా ఆయన కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. మడ్‌గార్డుమీద అరచేయి ఆనించారు. పిమ్మట పొగగొట్టం మొదలు దగ్గరికి చేయి తీసుకెళ్ళి, సెగ తగిలి వెనక్కి తీసుకున్నారు.

“ఇది కార్బరేటరు కాదురా. నిప్పు ఆలస్యంగా పడుతోంది. పాయింట్లు చూశావా?”

చూడలేదు. ఆరు నెలల క్రితం నేనే కొత్తవి వేశాను కాబట్టి చూడవలసిన అవసరం తోచలేదు. మూత తీసి చూస్తే పాయింట్ల మధ్య 0.015 అంగుళం ఉండవలసిన సందులో 0.006 గేజి రేకు కూడా బలవంతాన దూరింది. తప్పు నాదే. పాయింటు మడమ ఒరుసుకునే క్యామ్‌కు చిటికెడు గ్రీజు రాయడం మరిచాను. మడమ అరిగితే సందు తగ్గుతుంది, సందు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా విడతాయి, విడినప్పుడే కదా నిప్పురవ్వ!

ఆ ఆలస్యం ఎంతని అడగవచ్చు. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజనుకు ఒక్క చుట్టు పట్టేది సెకనులో యాభయ్యోవంతు. మంట అంటుకుని వ్యాపించడానికి కొంత వ్యవధి కావాలి గనుక పిస్టను పైకి చేరకముందే రవ్వ పడాలి. ఆలస్యమైతే మంట పిస్టనును తోయడం మాని పొగగొట్టాన్ని కాలుస్తుంది. నాన్నగారి చేతికి తగిలిన సెగ అదే. నేను వారం రోజులు పెట్రోలు పోసి కప్పిపుచ్చినదీ అదే.

అందుచేత ముందు సందు, ఆపైన టైమింగు, చివరికి కార్బరేటరు. ఈ వరుస తప్పితే ఎంత తిప్పినా వృథా.

ప్లగ్గులు తీసి, ముందు హ్యాండిలు వేసి, మొదటి సిలిండరు రంధ్రంమీద బొటనవేలు గాలి ఒత్తిడికి ఎగిరేదాకా తిప్పాను. పుల్లీ గంటును గుర్తుకు చేర్చాను. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటరుకు వచ్చే సన్న తీగ కొసకు పన్నెండు వోల్టుల బల్బు తగిలించి, రెండో కొస బాడీకి కలిపి, తాళం చెవి తిప్పాను. బిగింపు వదులుచేసి, డిస్ట్రిబ్యూటరును రోటరు తిరిగే దిశకు ఎదురుగా వెంట్రుకవాసి చొప్పున జరుపుతుంటే ఒకచోట బల్బు వెలిగింది. పాయింట్లు విడిన క్షణమది. జీవితమంతా బల్బును ఈసడించిన మనిషి దానివైపు రెప్పవేయకుండా చూశారు. “ఆగు” అన్నది ఆయనే.

కొత్త ప్లగ్గులు వేసి, ఇంజను వేడెక్కాక మిక్స్చర్ దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. స్క్రూ బిగిస్తే ఇంజను తడబడుతుంది, వదిలితే గుర్రంలా ఎగిరెగిరి పడుతుంది, నడుమ ఎక్కడో నిలకడ. నా చెవి ఒకచోట ఆగమంది. ఆయన అరచేయి ఇంకో పావు చుట్టు వదలమంది. పుస్తకం నా పక్షమే. అయితే పుస్తకం రాసిననాటి పెట్రోలు వేరు. ఇప్పుడు బంకుల్లో పోసేదానిలో ఇరవై శాతం ఇథనాల్. అందులో ఆక్సిజన్ ఉంది కాబట్టి పాత జెట్టుకు మిశ్రమం పలచబడుతుంది. పావు చుట్టు వదిలాను. వణుకు ఆగింది. మడ్‌గార్డుమీద పెట్టిన మంచినీళ్ళ గ్లాసులో నీళ్ళు చిన్నగా మాత్రమే కదిలాయి.

బేరానికి రావద్దని ఆయనకు ఫోను చేసి వచ్చాను. నాన్నగారు ఇంకా చేయి తీయలేదు.

“శబ్దం ఎలా ఉంది?”

పలకమీద “మునుపటిలాగే” అని రాశాను.

“అబద్ధాలాడకు. మూడో సిలిండరు టాపెట్ టిక్కుటిక్కుమంటూ ఉండాలే?”

అంటూనే ఉంది.