నీలం వైరు మీద తెల్ల గీత

కారులో కొత్త స్టీరియో పెట్టించుకుందామని వెళ్తే, రాయచూరులోనే కాదు, ఏ ఊరి దుకాణంలోనైనా మొదట వినపడే మాట ఒకటే. "కంపెనీ యాంపు ఎందుకు సార్, పక్కన పెట్టేసి స్పీకర్లకు డైరెక్టుగా కలిపేద్దాం. గంటలో అయిపోతాది." ఈ మాటతో నాకు పేచీ ఉంది. సీటు కిందో, డిక్కీ ప్యానెల్ వెనకో దుమ్ము పట్టి కూర్చున్న ఆ యాంప్లిఫయరు పెట్టె ఆ కారు కోసమే పుట్టింది. డోర్లలో ఏ సైజు స్పీకర్లున్నాయి, అద్దం మూలన ట్వీటరు ఎటు తిరిగి ఉంది, సీట్ల గుడ్డ ఎంత శబ్దం మింగుతుంది అన్నవి చూసుకుని దాన్ని తయారుచేస్తారు. పాతబడింది సెట్టు. యాంపు నిక్షేపంగా ఉంది. దాన్ని తీసేయడమెందుకు?

తీసేస్తే నష్టం కూడా ఉంది. బయట కొనే సెట్లు మామూలుగా 4 ఓమ్స్ స్పీకర్ల కోసం చేసినవి. కంపెనీ యాంపుతో వచ్చే స్పీకర్లు చాలా కార్లలో 2 ఓమ్స్‌వి. వాటిని నేరుగా కొత్త సెట్టుకు తగిలిస్తే చిప్పు రెట్టింపు కరెంటు ఇవ్వాల్సి వస్తుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే రాయచూరులో, డాష్‌బోర్డు వెనక గాలాడని చోట, ఆ చిప్పు ఎన్నాళ్లు నిలుస్తుంది? ట్వీటర్ల సంగతి ఇంకా సున్నితం. కొన్ని కార్లలో సన్న స్వరాలనూ మంద్ర స్వరాలనూ విడదీసే పని యాంపే చేస్తుంది. యాంపు లేకపోతే మొత్తం పాట ట్వీటరు మీద పడుతుంది, అది కాలిపోతుంది.

యరమరస్‌లో ఈ సంగతి విడమరిచి చెప్పడం తేలిక. రాయచూరు నుంచి శక్తినగర్ మీదుగా హైదరాబాదు వెళ్లే దారిలోని ఊరిది. కె.పి.సి.ఎల్., బి.హెచ్.ఇ.ఎల్. కలిసి పెట్టిన రాయచూరు పవర్ కార్పొరేషన్ వాళ్ల థర్మల్ స్టేషన్ ఇక్కడే ఉంది, 800 మెగావాట్ల యూనిట్లు రెండు. టీకొట్టు దగ్గర ఏ నలుగురు నిలబడినా అందులో ఒకరికి సింక్రనైజేషన్ అంటే ఏమిటో తెలిసే ఉంటుంది. జనరేటరును గ్రిడ్డుకు కలిపే ముందు వోల్టేజి సరిపోవాలి, 50 హెర్ట్జ్ దగ్గర ఫ్రీక్వెన్సీ సరిపోవాలి, ఫేజు సరిపోవాలి. అప్పుడే బ్రేకరు వేస్తారు. సెట్టుకీ యాంపుకీ మధ్య కూడా ఇలాంటి ఒప్పందాలే కుదరాలి. సిగ్నలు ఎంత బలంగా వస్తుంది, యాంపును నిద్ర లేపే వోల్టేజి ఎటునుంచి వస్తుంది, ప్లస్సు మైనస్సు తారుమారయ్యాయా అన్నవి చూసుకోకుండా వైర్లు మెలిపెడితే ఏదో ఒకటి మొరాయిస్తుంది.

మా పక్క క్వార్టర్సు ఆయన కారే చూడండి. ఆయన ప్లాంటులోనే ఇంజనీరు, సొంతూరు గద్వాల వైపు. హైదరాబాదులో సెకండ్ హ్యాండులో కొన్న కారుకు ఎవరో పెద్ద తెర ఉన్న ఆండ్రాయిడ్ సెట్టు బిగించి ఉన్నారు. "అన్నా, రేడియో పెడితే పాడతాది, ఫోను కలిపితే మూగబోతాది. సెట్టే పోయిందంటావా?" అని అడిగారు. ఫోను కలిపినప్పుడు తెర మీద పాట నడుస్తూనే ఉంది, నిమిషాలు కదులుతున్నాయి. స్పీకర్లలో మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

ఇది నీలం వైరు కథ. బయటి సెట్ల వెనక వచ్చే వైర్లకు రంగులు దాదాపు అన్ని కంపెనీలవీ ఒకటే. పసుపు ఎప్పుడూ బ్యాటరీ, ఎరుపు తాళం తిప్పితే వచ్చే కరెంటు, నలుపు ఎర్తు. ముందు ఎడమ స్పీకరుకు తెలుపు, కుడికి బూడిద రంగు. వెనక ఎడమకు ఆకుపచ్చ, కుడికి ఊదా. నల్ల గీత ఉన్నది మైనస్సు. ఇవి కాక నీలం రంగువి రెండుంటాయి. ఒట్టి నీలం వైరు ఏంటెన్నా కోసం. రేడియో పెట్టినప్పుడే అందులో 12 వోల్టులు వచ్చేలా చాలా సెట్లలో చేస్తారు. నీలం మీద తెల్ల గీత ఉన్నది యాంపు కోసం. సెట్టు వెలిగి ఉన్నంతసేపూ, పాట ఎక్కణ్ణుంచి వస్తున్నా, అందులో కరెంటు ఉంటుంది. బిగించినాయన మొదటిదాన్ని యాంపుకు కలిపాడు. డాష్‌బోర్డు విప్పి మీటరు ముల్లు ఆ వైరుకు ఆనించాం. ఎఫ్ఎం పెడితే 12 పైచిలుకు, బ్లూటూత్‌కు మారిస్తే సున్నా. ఇంజనీరు కాబట్టి ఆయనకు ఇక మాట అక్కర్లేకపోయింది. తెల్ల గీత వైరుకు మార్చగానే ఫోను పాట అందుకుంది.

అందుకుంది కానీ పాట గరగరలాడింది. వాల్యూము పదికి చేరకముందే చిరిగినట్టు వినపడసాగింది. సెట్టు నుంచి శబ్దం రెండు రకాలుగా బయటికొస్తుంది. స్పీకరు వైర్లలో వచ్చేది బలమైనది. 4 ఓమ్స్ మీద 20 వాట్లు ఇవ్వాలంటే దాదాపు 9 వోల్టులు కావాలి. వెనకాల ఎరుపూ తెలుపూ ఆర్‌సీఏ సాకెట్లలో వచ్చేది 2 వోల్టులు, మంచి సెట్లలో 4. కంపెనీ యాంపు వీటిలో దేన్ని ఆశిస్తుందో కారును బట్టి ఉంటుంది. సన్న సిగ్నలు కోరే యాంపుకు 9 వోల్టులు పెడితే గరగర, బలమైనది కోరేదానికి 2 వోల్టులు పెడితే నీరసపు పాటా, వెనక బుస్సుమనే చప్పుడూ. ఈయన యాంపు సన్న సిగ్నలుది. ఆర్‌సీఏకు మార్చాం, పాట తేటపడింది. సెట్టుకు ఆర్‌సీఏ సాకెట్లే లేకపోతే, స్పీకరు వైర్ల బలాన్ని దించే చిన్న కన్వర్టరు డబ్బా మధ్యలో పెట్టాలి.

అసలు కారులో కంపెనీ యాంపు ఉందో లేదో తెలియని వాళ్లు ఒక పెన్సిలు సెల్లు తీసుకుంటే చాలు. పాత సెట్టు తీసేసి, దాని వెనక వైర్లన్నీ చేరే కప్లర్‌లో స్పీకరు వైర్ల జంటకు సెల్లు రెండు కొసలూ క్షణంపాటు తాకించి తీయాలి. నేరుగా స్పీకరుకే పోతున్న వైర్లయితే డోరులో టప్పుమంటుంది. నిశ్శబ్దంగా ఉంటే మధ్యలో యాంపు ఉన్నట్టు.

స్పీకరు వైర్ల విషయంలో ఇంకో ప్రమాదం. నేటి సెట్లలో స్పీకరు మైనస్సు ఎర్తు కాదు. బాడీతో పోల్చి చూస్తే ప్లస్సులోనూ మైనస్సులోనూ బ్యాటరీలో సగం, దాదాపు 6 వోల్టులు ఉంటాయి. కొన్ని పాత కార్ల యాంపుల్లో నాలుగు చానెళ్లకూ మైనస్సు ఒకటే. అక్కడ సెట్టు స్పీకరు వైర్లు తిన్నగా కలిపితే సెట్టులో చిప్పు షార్టవుతుంది.

తర్వాత ఇంజను స్టార్ట్ చేశారాయన. పాట వెనక సన్నగా కుయ్‌మనే కూత, యాక్సిలరేటరు నొక్కిన కొద్దీ పైస్థాయికి పోతోంది. ఆల్టర్నేటరు కూత అది. సెట్టు నల్ల వైరును డాష్‌బోర్డు లోపలి పట్టీకి, రంగు పూసిన రేకు మీదే బిగించారు. సెట్టు ఎర్తుకూ యాంపు ఎర్తుకూ మధ్య వోల్టేజి తేడా ఏ కాస్త ఉన్నా అది పాటలోకి దూరుతుంది. రంగు గీకి, మెరిసే ఇనుము మీద బోల్టు వేశాం. కూత ఆగింది.

చివరిది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష. ఇళయరాజా పాట ఒకటి పెట్టమన్నాను. ఆయన పాటల్లో బేసు గిటారు మరో గొంతులా వెంట నడుస్తుంది, దాగదు. ఇక్కడ దాగింది. వెనక కుడి చానెల్లో ప్లస్సూ మైనస్సూ తిరగబడి ఉన్నాయి. ఎడమ స్పీకరు గాలిని ముందుకు తోస్తుంటే కుడిది వెనక్కి గుంజుతోంది, బేసు మధ్యలోనే చచ్చిపోతోంది. వైర్లు మార్చాక బేసు తిరిగొచ్చింది. పక్కింటాయన ఆ పాట చివరిదాకా కారు దిగలేదు.

స్పీకర్లకు యాంపు కలిపి, కారుకు తగ్గట్టు కంపెనీలోనే కుదిర్చి ఇవ్వాలన్న ఆలోచనకు పేరు తెచ్చినవాడు అమర్ బోస్, బెంగాలీ తండ్రి కొడుకు. 1964లో కంపెనీ పెట్టాడు. 1983 మోడల్ కాడిలాక్ సెవిల్లో ఆయన సిస్టం వచ్చింది, ఒక్కో స్పీకరు డబ్బాలో దాని యాంపు దానికే. తర్వాత మన దగ్గరా హారియర్‌లో జేబీఎల్ స్పీకర్లు, ఎక్స్‌యూవీ700లో సోనీవి 12 వచ్చాయి. బీఎండబ్ల్యూ, బెంజ్, ఆడి కార్లలో చాలావాటిలో సెట్టు నుంచి యాంపుకు పాట గాజు తీగలాంటి ఫైబర్‌లో వెలుగుగా పోతుంది, వాల్యూము ఆదేశం కూడా డేటాగానే. అక్కడ ఆర్‌సీఏ పెట్టడానికి చోటే లేదు, ఆ డేటా మాట్లాడే ప్రత్యేకమైన డబ్బా కొనాలి. తెరలోనే ఏసీ, కెమెరా కూడా ఉన్న కార్ల జోలికి పోవద్దనే నేను చెబుతాను.

పక్కింటాయన కారుకు వైర్లు కోయకుండా కప్లర్ అడాప్టరు వేయించాం. పిన్నుల వరస కాగితం మీద రాసి సెట్టు వెనక అంటించాం. అడాప్టరు బిగించిన రాయచూరు కుర్రాడు దాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నాడు. కొన్నాళ్లకు ఫోన్ చేశాడు. "అన్నా, ఇంకో బండి వచ్చింది. యాంపుకు మైనస్సు ఒకటేనా, వేరేవేరేనా, ఎట్ల చూడాల?" మీటరు ఓమ్స్‌లో పెట్టి, కప్లర్ విప్పి, యాంపు వైపు మైనస్సు పిన్నుల మధ్య కొలవమన్నాను. సున్నా వస్తే ఒకటే.