మరలుటకు వ్రాసిన నియమము

మా ఊరు పిట్టలవానిపాలెము. బాపట్లకు సమీపమున, కృష్ణా పశ్చిమ డెల్టాలో నున్నది. అచ్చటి నేల అరచేయివలె చదునైనది. బాల్యమున మే మెక్కిన ఎత్తులు కాలువగట్టును, గడ్డివామియు మాత్రమే. అట్టి నేను 2019లో, నా మేనమామ కుమారునితో గూడ, ఆఫ్రికాలోని కిలిమంజారో పర్వతము నెక్క సంకల్పించితిని. 2014 మే 25న పదమూడేండ్ల తెలుగు బాలిక మాలావత్ పూర్ణ ఎవరెస్టు నధిరోహించిన వార్త నా మనస్సున నాటుకొనియుండెను.

కిలిమంజారో టాంజానియా దేశమందలి అగ్నిపర్వతము. చిరకాలముగా నిప్పులు గ్రక్కక నిద్రించుచున్నది. ఎత్తు 5,895 మీటర్లు. భూమధ్యరేఖకు చేరువనున్నను శిఖరమున మంచు కలదు. త్రాళ్లు పట్టుకొని ప్రాకవలసిన పనిలేదు గనుక క్రొత్తవారికి తగినదందురు. కాని, పైకి పోయినకొలది గాలి పలుచనగును. సముద్రతీరమున లభించు ప్రాణవాయువులో ఇంచుమించు సగమే శిఖరమున లభించును. తొందరపడినవారికి తలనొప్పి, వాంతి, తూలుట కలుగును, ప్రాణాపాయమును సంభవింపవచ్చును.

కావున ఆరుదినముల ప్రయాణము నేర్పరచుకొంటిమి. 2,720 మీటర్ల యెత్తున మందారా, 3,720 మీటర్ల యెత్తున హోరొంబో, 4,720 మీటర్ల యెత్తున కీబో మా మజిలీలు. పలుచని గాలికి దేహము అలవాటుపడుటకై హోరొంబోలో నొకదినము అదనముగా నిలువవలెను. తుది యారోహణము అర్ధరాత్రమున. అప్పుడు వదులైన గులకరాళ్లు చలికి గడ్డకట్టి కాలికి పట్టునిచ్చును. ఉన్నిదుస్తులు, తలకు కట్టుకొను దీపములు సమకూర్చుకొంటిమి. నీరు పైనుండి గడ్డకట్టును గాన సీసాలను తలక్రిందుగా నుంచవలెనని నేర్చుకొంటిమి.

నా పట్టికను విని అమ్మ, "ఎక్కుటను గూర్చి యంతయు వ్రాసితివి, నాయనా! ఎప్పుడు మరలవలెనో వ్రాయలేదేమి?" అని యడిగినది. నాకు నవ్వు వచ్చినది, ఆమె నవ్వలేదు. అప్పుడు పట్టిక చివర, "ఇద్దరిలో నెవ్వరు తూలినను ఇద్దరును వెంటనే దిగవలెను" అని వ్రాసితిని.

ఆ రాత్రి కీబోనుండి బయలుదేరితిమి. మార్గదర్శకుడు "పోలె, పోలె" అనుచు ముందు నడచెను. స్వాహిలీ భాషలో దానికి "మెల్లగా" అని యర్థము. తెల్లవారుజామునకు 5,685 మీటర్ల యెత్తుననున్న గిల్మన్స్ పాయింటు చేరితిమి. శిఖరమున కింక 210 మీటర్ల ఎత్తే మిగిలియున్నది. అప్పుడే నా సహచరుడు తూలెను.

"నాకేమియు కాలేదు, బావా! పోదము" అనెను. మాట తడబడుచుండెను. ఎదుట మంచు తొలివెలుగున మెరయుచుండెను. రెండుగంటలు నడిచిన చాలునని నా మనస్సు వాదించెను. ఆ వాదము నాకు న్యాయముగనే తోచెను! పలుచని గాలి బుద్ధినిగూడ మందగింపజేయునని అప్పుడు గ్రహించితిని. జేబులోని కాగితము జ్ఞప్తికి వచ్చెను. ఇంటివద్ద, నిండుగాలి పీల్చుచు వ్రాసిన వాక్యమది. ఆ స్థలమున నా బుద్ధికన్న దానినే నమ్ముట మేలని తలచి వెనుకకు మరలితిమి. దిగినకొలది అతని మాట స్పష్టమైనది.

ఇల్లు చేరినపుడు అమ్మ శిఖరమునుగూర్చి యడుగలేదు. మా యిద్దరికిని విస్తళ్లు వేసి, "కాళ్లు కడుగుకొని రండి" అన్నది.