ఎండకు ఏ బట్ట?

సంక్రాంతి దాటాక గుంటూరు వైపు మిరప చేలల్లో కాయ కోసే ఆడవాళ్లను చూస్తే ఒక సంగతి కళ్లబడుతుంది. చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, మణికట్టు దాకా పెట్టిన బొత్తాలు, తల చుట్టూ తువ్వాలు. ఘాటు చేతులకు తగలకుండా ఉండటం ఒక కారణం. “చొక్కా లేకపోతే ఎండ ఒళ్లు కాల్చేసిద్దమ్మా” అని ఒక పెద్దావిడ చెప్పిన రెండో కారణం దగ్గర నేను ఆగిపోయాను. ఎండ ముదిరేకొద్దీ చేతులు కురచ చేసుకోవాలని, గుడ్డ పలచన చేసుకోవాలని పట్నంలో అందరం అనుకుంటాం. రోజంతా ఎండలోనే బతికే మనిషి మాత్రం ఒళ్లంతా కప్పుకుంటోంది.

ఆవిడ లెక్కే సరైనది. మన చర్మం వేడి దాదాపు 35 డిగ్రీలు. బయట గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపూ ఒంట్లో వేడి గాలిలోకి పోతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో 44 డిగ్రీల వడగాలి కొట్టేటప్పుడు ఈ వరస తిరగబడి, గాలే ఒంటికి వేడి పెడుతుంది. అప్పుడు చేతులు, మెడ కప్పిన వదులు చొక్కా నీడలా పనిచేస్తుంది. మచిలీపట్నంలో కథ వేరు. అక్కడ డిగ్రీలు తక్కువే చూపిస్తాయి కానీ గాలి నిండా తేమ, చెమట ఆరదు. గాలి ఆడే పలచటి గుడ్డ అక్కడ హాయి. వేసవి దుస్తులని ఒకే సలహా అందరికీ ఇవ్వడం నాకు అందుకే నచ్చదు. ఏ ఊరి వేసవి అని ముందు అడగాలి.

నల్లబట్ట మీద ఉన్న భయాన్ని కూడా ఈ వెలుగులోనే చూడాలి. సినాయ్ ఎడారిలో బెడువిన్లనే సంచార తెగలవాళ్లు నల్లటి పొడవాటి అంగీలు వేసుకుంటారు. దాని సంగతేమిటో తేల్చడానికి కొందరు శాస్త్రవేత్తలు నల్ల అంగీని, తెల్ల అంగీని ఎండలో పోల్చి చూసి 1980లో ‘నేచర్’ పత్రికలో రాశారు. నల్లగుడ్డ ఎక్కువ వేడెక్కింది, నిజమే. ఆ అదనపు వేడి మాత్రం ఒంటిదాకా చేరలేదు. గుడ్డకూ ఒంటికీ మధ్య ఆడే గాలి దాన్ని తీసుకుపోయింది. ఇదంతా వదులు అంగీ మాట. ఒంటికి అతుక్కున్న నల్ల టీషర్టుకు ఈ మినహాయింపు లేదు.

పలచన అయితే చల్లన అన్నది అన్నిటికంటే గట్టిగా నాటుకున్న నమ్మకం. ఏప్రిల్ పెళ్లిళ్లలో పాలిస్టర్ జార్జెట్ చీర కట్టుకున్నవాళ్లను అడగండి, ఆ చీర ఎంత తేలికో, లోపల ఎంత ఉక్కో చెబుతారు. మామూలు గాలిలో ఉంచిన నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమను పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. అందుకే చెమట చర్మానికీ చీరకూ మధ్య జారుతూ ఉండిపోతుంది.

చేనేత అనగానే అంతా ఒకటేనని కూడా కాదు. మంగళగిరిలో గుంటమగ్గం మీద 80 నంబరు నూలుతో నేసే గుడ్డ బిగువుగా ఉంటుంది. వెంకటగిరిలో 100 నంబరు నూలుతో నేసే చీర పొగమంచంత పలచన. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది: 840 గజాల చిలపలు ఒక పౌండు బరువుకు ఎన్ని తూగితే అది అన్ని నంబర్ల నూలు. ఎండలో తిరిగే పనికి నేనైతే మంగళగిరి తీసుకుంటాను, ఉక్కపోతలో కూర్చునే పనికి వెంకటగిరి. గంజి కూడా అంతే. చిక్కగా పెడితే పోగుల మధ్య సందులు మూసుకుపోతాయి, పలచగా పెడితే గుడ్డ ఒంటికి అంటుకోకుండా నిలబడుతుంది. మా పెద్దవాళ్లు వేసవిలో గంజిలో నీళ్లు ఎక్కువ ఎందుకు కలిపేవారో నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

ఇంత చూసి కొన్న నూలు గుడ్డ కూడా దర్జీ దగ్గర చెడిపోవచ్చు. కుర్తాకు లోపల పాలిస్టర్ క్రేప్ లైనింగు వేస్తే, ఒంటిని తాకేది ఆ పాలిస్టరే. పైనున్న నూలు చూడటానికే మిగులుతుంది. మా వీధి టైలరమ్మ ఈ మాట తనంతట తనే చెప్పింది, “లైనింగు కూడా నూలుదే తెచ్చుకోండి, లేకపోతే మీరు పెట్టిన డబ్బుకు అర్థం లేదు” అని. దుకాణంలో కాటన్ అన్న మాటను నమ్మలేకపోతే అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడొచ్చు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది.

పాలిస్టర్ కట్టేవాళ్లను తప్పుపట్టను. రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరిపోయే చీర, ఇస్త్రీ అడగని చీర, ఏళ్ల తరబడి చిరగని చీర కూలికి వెళ్లే మనిషికి ఎంత సాయమో నాకు తెలుసు. ఆ చీర మీద వేసుకున్న పాత నూలు చొక్కాలోనే మిరప చేలో పెద్దావిడ తెలివి ఉంది.

నన్ను బాధపెట్టేది ఎంచుకునే వీలు లేనివాళ్ల సంగతి. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలవుతాయి, ఎండ మీద అంత ఎరుక మనకు ఉంది. ఆ మిట్టమధ్యాహ్నం బడి నుంచి ఇంటికి నడిచే పిల్లల్లో చాలామంది ఒంటిమీద మాత్రం పాలిస్టర్ కలిసిన యూనిఫాం, కొందరికి మెడలో టై, కాళ్లకు మూసిన బూట్లు. రంగు నిలుస్తుంది, మడత చెడదు, అందరూ ఒకేలా కనిపిస్తారు అని ఆ గుడ్డను ఎంచుతారు. ఎంచేవాళ్లు ఆ గుడ్డ తొడుక్కుని ఎండలో నడవరు. నేను మా కాలనీ తల్లిదండ్రులతో ఈ మాటే మాట్లాడుతున్నాను: వచ్చే ఏడాది యూనిఫాం గుడ్డ ఖాయం కాకముందే బడికి వెళ్లి నూలు అడుగుదాం, కనీసం మార్చి, ఏప్రిల్ నెలలకైనా టై తీసేయమందాం.