క్రియయు, దాని వెంట వచ్చు వాక్యమును

ఇంగ్లీషు వ్యాకరణమనిన మన బాలురకు భయము మెండు. అందును "నౌన్ క్లాజు" అను పేరు వినినంతనే పలువురు పుస్తకము మూసివేయుదురు. అయినను ఈ విషయము తెలుగువారికి క్రొత్తది కాదు. "వాన వచ్చునని రైతు తలంచెను" అనునపుడు, "వాన వచ్చును" అను పూర్తి వాక్యము తలంచుట అను క్రియకు కర్మయై నిలిచినది. నౌన్ క్లాజనగా నిదియే. మన "అని" చేయు పనిని ఇంగ్లీషున "దట్" చేయును. మనది ఉపవాక్యమునకు చివర వచ్చును. వారిది మొదట నిలుచును.

చిక్కు వేరొకచోట నున్నది. మన "అని" తలంచుటకును, చెప్పుటకును, కోరుటకును గూడ చాలును. ఇంగ్లీషు క్రియలలో దేని మర్యాద దానిదే. "ఐ హోప్ దట్ యు విల్ కమ్" అనవచ్చును గాని "ఐ వాంట్ దట్ యు విల్ కమ్" అనరాదు; "ఐ వాంట్ యు టు కమ్" అనవలెను. "హోప్" అను క్రియకో, ఈ రెండవ పద్ధతి పనికిరాదు.

ఈ భేదములను క్రమపరచినవారిలో ఏ. యస్. హార్న్‌బీ ముఖ్యుడు. ఆయన 1924లో జపానునకు బోయి అచటి విద్యార్థులకు ఇంగ్లీషు బోధించెను. 1942లో టోక్యోలో వెలువడిన నిఘంటువునందు ఆయనయు, ఆయన సహచరులును క్రియల వాడుకను 25 మచ్చులుగా విభజించి చూపిరి. పరభాష నేర్చువారి కష్టమును దగ్గర నుండి చూచినవారి పని యది.

ప్రశ్నల సంగతియు నిట్టిదే. "అతడెక్కడ నున్నాడు?" అనునది "అతడెక్కడ నున్నాడో యెరుగను" అనుచోట "ఓ"కారము చేరి ఉపవాక్యమగును. ఇంగ్లీషున ఆ పనిని పదక్రమమే నెరవేర్చును: "వేర్ ఈజ్ హి" అనునది "వేర్ హి ఈజ్" అని మారును.

అన్నిటికంటె మెలకువ వలసినది మరియొకటి కలదు. "నేను ఫీజు కట్టెదనని మా యన్న చెప్పెను" అని తెలుగున వ్రాసినచో, కట్టువాడు అన్నయే. దానిని మాటకు మాటగా "మై బ్రదర్ సెడ్ దట్ ఐ వుడ్ పే ద ఫీజ్" అని మార్చిన యెడల, కట్టవలసినవాడు వ్రాసిన బాలుడే యగును! "ఐ" అనుచోట "హి" అని యుండవలెను. ఒక్క చిన్న పదముచేత ఒకరి మాట వేరొకరి మెడకు చుట్టుకొనును. పరీక్షలో పోవునది ఒక మార్కే. రేపు ఉద్యోగములో వ్రాయు ఉత్తరమున పోవునది నమ్మకము.

కావున విద్యార్థులారా, క్రొత్త క్రియ కనబడినపుడు దాని యర్థముతో తృప్తి పడకుడు. దాని వెంట నేమి వచ్చునో చూచి, ఒక పూర్తి వాక్యముగా నోటుపుస్తకమున వ్రాసికొనుడు. దినమునకు రెండు చాలును. సంవత్సరాంతమునకు మీ చేతనున్న పుస్తకమే మీకు మంచి వ్యాకరణమగును.