గోడ మీద సిలువ ఉంటే సరిపోతుందా?

విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీలో సీటు రాగానే మరిపెడలో మా నాన్న అడిగిన మొదటి మాట: "బిడ్డా, మతం మార్చుకొమ్మంటరేమో?"

జెస్యూట్ ఫాదర్లు మొదలుపెట్టిన కాలేజీ అది. క్యాంపస్‌లో ప్రార్థనలు జరిగేవి. నన్ను మాత్రం ఎవరూ రమ్మని బలవంతపెట్టలేదు. మరి దీన్ని క్యాథలిక్ కాలేజీ అని ఎందుకంటారు?

ఓసారి ఒక ఫాదర్‌నే అడిగేశాను: "దేవుడే లేడంటే మీరేమంటారు?" కోప్పడతారనుకున్నా. "ముందు నీ వాదన మొత్తం చెప్పు" అన్నారు. తర్వాత తన నమ్మకమేంటో దాచకుండా చెప్పారు.

క్యాథలిక్ యూనివర్సిటీల కోసం 1990లో పోప్ రెండో జాన్ పాల్ ఇచ్చిన పత్రం గురించి తర్వాత చదివాను. చర్చి బోధనకు కట్టుబడాలి, సత్యాన్ని వెతకాలి, పేదల పక్షాన ఉండాలి అంటుంది. ప్రతి ఒక్కరి మనస్సాక్షినీ గౌరవించాలనీ అంటుంది. తన విశ్వాసాన్ని దాచుకుంటే అది మామూలు కాలేజీ అయిపోతుంది. మన మీద రుద్దితే కాలేజీయే కాదు. ఆ మధ్యలో నడవడమే కష్టం.

అడ్మిషన్ల టైంలో మా ఊరి పిల్లలు అడిగితే ఒకటే చెబుతా: గోడ మీద సిలువ ఒక్కటే చూడకండి. ఫీజు కట్టలేనివాడిని ఎలా చూస్తున్నారో, మీ ప్రశ్నను ఎలా వింటున్నారో కూడా చూడండి.