చెట్టును చూస్తే చెట్టుకే!

సినిమాలో హీరోగారు మట్టిరోడ్డు మీద మోటార్ సైకిల్ని సర్రున తిప్పి, విలన్ ముఖాన దుమ్ము కొట్టి వెళ్ళిపోతాడు. హాల్లో ఒకటే ఈలలు! నేనూ వేశాను, చాలాసార్లు. ఆ దుమ్ము స్వయంగా తిన్నాక గానీ అందులో ఉన్న కష్టం తెలిసిరాలేదు.

అసలు సంగతి చెప్పాలంటే ముందు మా అక్క చెయ్యి గురించి చెప్పాలి. 2023లో వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లోంచి అక్కని వెనక కూర్చోబెట్టుకుని వస్తున్నాను. ఓ మలుపులో ఇసక. కంగారుపడి ముందు బ్రేకు నొక్కేశాను. అంతే! నాకు మోచెయ్యి గీసుకుపోయింది. అక్కకి మణికట్టు విరిగి ప్లేటు వేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ మళ్ళీ నా బండి ఎక్కలేదు. తిట్టినా బాగుండేది.

అందుకే హైదరాబాద్ శివార్లలో మట్టి ట్రాక్ మీద బండి నేర్పుతున్నారంటే వెళ్ళి చేరాను. అక్కడి బండి ఎక్స్‌పల్స్ 200. ముందు చక్రం 21 అంగుళాలు, బరువు 150 కిలోల పైమాటే. (పడ్డప్పుడల్లా ఎత్తినవాణ్ణి, ఆ అంకె ఎలా మర్చిపోతాను?)

మాస్టారి మొదటి పాఠమే నాకు తలకిందులుగా తోచింది. తారురోడ్డు రేసుల్లో మనిషి బండికంటే ఎక్కువగా మలుపులోకి ఒరుగుతాడు. మట్టిలో బండిని వాల్చి, మనిషి మాత్రం నిటారుగా ఉండాలట! మట్టికి పట్టు తక్కువ కదా, మన బరువు టైర్లమీద నిలువుగా దిగితేనే అవి నేలని కరుస్తాయి. సీటు మీద టాంకుదాకా ముందుకు జరగాలి, లేకపోతే ముందు చక్రం జారుతుంది. బయటివైపు కాలితో ఫుట్‌రెస్టుని గట్టిగా తొక్కాలి. బ్రేకులన్నీ మలుపుకి ముందే, బండి నిలువుగా ఉండగానే. ఇది విన్నప్పుడు కాసేపు మాట్లాడలేకపోయాను.

ఇక లోపలివైపు కాలు. దాన్ని ముందు చక్రం పక్కకి చాపాలి. అది స్టైలు అనుకునేవాణ్ణి. కాదు సుమండీ! బరువు ముందుకు చేరడానికీ, బండి జారితే తట్టుకోవడానికీ. ఆ కాలు వెనక్కి ఉండిపోయిందో, మోకాలు మెలిపడుతుంది. 1971లో వచ్చిన ‘ఆన్ ఎనీ సండే’ డాక్యుమెంటరీ దొరికితే చూడండి. మట్టి ట్రాక్ రేసుల్లో ఎడమకాలికి ఇనుప అడుగు తొడుక్కుని తిరుగుతారు! అందులో కనిపించే స్టీవ్ మెక్వీన్ ఉత్త సినిమా హీరో కాదు. 1964లో తూర్పు జర్మనీలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల మోటార్ సైకిల్ పోటీలో అమెరికా జట్టు తరఫున దిగాడు. అన్నట్టు, ‘ది గ్రేట్ ఎస్కేప్’లో ఆ ముళ్ళకంచె దూకింది మాత్రం ఆయన కాదు, మిత్రుడు బడ్ ఎకిన్స్.

పాఠమంతా కంఠతా వచ్చింది. అయినా పడుతూనే ఉన్నాను. మూడో మలుపు బయట ఓ తుమ్మచెట్టు ఉంది. ప్రతిసారీ దానివైపే! ఆరోసారి మాస్టారు నవ్వుతూ వచ్చారు.

“తమ్మీ, నువ్వు చెట్టునే చూస్తున్నవ్. యాడ చూస్తే బండి ఆడికే పోతది. మలుపు దాటినంక యాడికి పోవాల్నో, గది చూడు.”

భయపెట్టేదాన్ని చూడకుండా ఉండటం... చెప్పినంత తేలికా? అనంతగిరిలోనూ నేను చూసింది ఇసకనే, రోడ్డుని కాదు. గెడ్డాన్ని బలవంతాన భుజం మీదికి తిప్పాను. వెనక చక్రం కాస్త జారింది. గుండె గొంతులోకొచ్చింది. ఏక్సిలేటర్ మాత్రం వదల్లేదు. బండి తిరిగింది! చెట్టు ఎటు పోయిందో చూడనేలేదు.

మొన్న ఆదివారం అక్క ట్రాక్ దగ్గరికి వచ్చింది. గట్టు మీద కూర్చుని ఐదు రౌండ్లూ చూసింది.

“బానే తిప్పుతున్నావురా” అంది.

నేను ఆశగా రెండో హెల్మెట్ అందించాను. అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ నా చేతికే ఇచ్చేసింది.

“ఇవాళ బస్సులో వెళ్తాలే. నువ్వు నెమ్మదిగా రా.”