తాతయ్య జీపు, నేను పెట్టిన ఒక టిక్కు

మా జీపు నాకంటే పదిహేడేళ్ళు పెద్దది. 1989 మోడల్ మహీంద్రా ఎంఎం 540. తాతయ్య కొన్న మొదటి బండి, ఆఖరి బండి కూడా అదే.

క్లబ్ వాళ్ళు "నువ్వు చేసిన ప్రాజెక్ట్ ఏదైనా రాయి" అన్నప్పుడు అందరూ నా ఆండ్రాయిడ్ యాప్ గురించి రాస్తాననుకున్నారు. నేను నిజంగా చేసిన ప్రాజెక్ట్ ఈ జీపే. స్కూల్లో నాకు తెలుగు సెకండ్ లాంగ్వేజ్, కాబట్టి వత్తులు తప్పితే సర్దుకోండి. ఇంగ్లీషులో రాయడం నాకు ఈజీయే, కానీ ఈ కథలో ఎవరూ ఇంగ్లీషులో మాట్లాడలేదు.

మాది రాజమండ్రి. తాతయ్య ఏజెన్సీ సంతల్లో అల్యూమినియం గిన్నెలు, బిందెలు అమ్మేవారు. రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు, అప్పుడప్పుడు జగదల్‌పూర్ దాకా. వెనక బిందెలు, ముందు తాతయ్య. ఆ జీపు మీదే నాన్నని చదివించారు, అత్తకి పెళ్ళి చేశారు. చివరి ఆరేళ్ళూ అది పెరట్లో రేకుల షెడ్డులో, టార్పాలిన్ కింద ఉండిపోయింది. దాని సీటులో మా వీధి పిల్లి రెండుసార్లు పిల్లల్ని పెట్టింది.

2024 ఏప్రిల్‌లో తాతయ్యకి గ్లకోమా అని తెలిసింది. ఈ జబ్బులో పక్క చూపు ముందు పోతుందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని డాక్టర్ చెప్పారు. తాతయ్య ఇంటికొచ్చి "గొట్టంలోంచి చూస్తున్నట్టుందిరా ఈ మధ్య, నిద్ర చాలక అనుకున్నా" అన్నారు నాన్నతో. ఆ రాత్రి భోజనాల దగ్గర మాటల్లో ఇంకోటి బయటపడింది. జగదల్‌పూర్‌కి అన్నిసార్లు వెళ్ళినా, అక్కడికి నలభై కిలోమీటర్లు కూడా లేని చిత్రకోట్ జలపాతం ఆయన ఎప్పుడూ చూడలేదట. "సంత అయ్యాక తిరుగు ప్రయాణం తొందరే కదా. ఇంకోసారి చూద్దాంలే అనుకునేవాణ్ణి."

అదే వారం పాత సామాన్ల వాడు వచ్చి జీపుకి 45 వేలు ఇస్తానన్నాడు. నాన్న సరే అనబోయారు. నేను మధ్యలో దూరి, "అమ్మొద్దు నాన్నా, బాగుచేసి తాతయ్యని అందులోనే చిత్రకోట్ తీసుకెళ్తా" అన్నాను. అప్పటికి నాకు లైసెన్స్ వచ్చి నాలుగు నెలలు. పానా పట్టుకోవడం కూడా రాదు. నాన్న నవ్వారు. తాతయ్య నవ్వలేదు.

మే నెలలో మొదలుపెట్టాం. ఇంటి దగ్గర్లో డీజిల్ బళ్ళు చూసే మెకానిక్ బాబాయ్ ఉన్నాడు. "ఇంజన్ గట్టిదే పాపా, ఎలకలే చెడగొట్టాయి" అన్నాడు. వైరింగ్ మొత్తం కొరికేశాయి. టాంకులో డీజిల్ గోధుమరంగు జిగురులా అయిపోయింది. ఫ్లోర్ తుప్పు పట్టి, కాలు పెడితే నేల కనిపించేది.

నేనేమో సీఎస్ స్టూడెంట్‌ని కదా, గూగుల్ షీట్ ఓపెన్ చేశాను. 64 లైన్లు. పార్టు, సమస్య, ధర, పక్కన టిక్కు బాక్స్. టిక్కు పెడితే ఆ లైను పచ్చగా మారేలా ఫార్ములా కూడా రాశాను. తాతయ్యకి చూపిస్తే ఫోన్‌ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "పచ్చగా ఉంది, బాగుంది" అన్నారు.

నిజం చెప్పాలంటే ఆ నాలుగు నెలల్లో నేర్చుకున్నంత నేను ఏ సెమిస్టర్‌లోనూ నేర్చుకోలేదు. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని నొక్కే నొక్కుడికి గాలి వేడెక్కి, అందులో చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. మా ఇంజన్ డిజైన్ ఫ్రాన్స్‌కి చెందిన ప్యూజో కంపెనీది, 2112 సీసీ. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవ్వడానికి నాలుగు హీటర్ ప్లగ్గులుంటాయి. మల్టీమీటర్ పెట్టి చూస్తే మాదాంట్లో రెండు చచ్చిపోయాయి. ఇంజెక్టర్లు పంపు షాపులో ఇచ్చి టెస్ట్ చేయించాం. టాంకు దింపి కడిగాం. క్లచ్ ప్లేట్ మార్చాం. కమాను కట్టల్లో విరిగిన పట్టీ మార్చాం. ఫ్లోర్‌కి కొత్త రేకు వెల్డింగ్ చేయించాం. టైర్లకి పగుళ్ళొచ్చాయి కాబట్టి ఐదూ కొత్తవే కొన్నాం. మొత్తం 94 వేలు అయింది. అందులో చాలావరకు తాతయ్య డిపాజిట్ డబ్బులే.

డీజిల్ లైన్‌లో గాలి చేరితే ఇంజన్ పలకదు. చేతి పంపు కొడుతూ, బోల్టు వదులు చేసి, బుడగలు ఆగేదాకా గాలి తీయాలి. జూన్‌లో ఒక ఆదివారం అలా గాలి తీసి సెల్ఫ్ కొడితే, మూడోసారికి పెద్ద నల్ల పొగ వదిలి స్టార్ట్ అయింది. తాతయ్య కుర్చీలోంచి లేచి రాలేదు. అక్కడినుంచే "మూడో సిలిండర్ సరిగ్గా కొట్టట్లేదు, విను" అన్నారు. బాబాయ్ చూస్తే మూడో ఇంజెక్టర్ పైపు నట్టు దగ్గర డీజిల్ కారుతోంది. నాకు నాలుగు సిలిండర్లూ ఒకే మోతగా వినిపించాయి.

సాయంత్రాలు మైదానంలో తాతయ్య నాకు గేర్లు నేర్పేవారు. ఈ బండి గేరు మొండిది. తగ్గించేటప్పుడు క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో కొంచెం రేజ్ చెయ్యాలి. ఇంకో మాట పదిసార్లు చెప్పారు: "ఘాటీ ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి అమ్మడూ. బ్రేకు ఆపడానికి. దిగడానికి గేరు." నేను "సరే తాతయ్యా" అని ఫోన్ చూసుకునేదాన్ని.

ఇక అసలు విషయం.

షీటులో 41వ లైను: బ్రేక్ ఆయిల్. లైనర్లు మార్చాం, డ్రమ్ములు లేత్‌లో పట్టించాం. బాబాయ్ అన్నాడు, "వీల్ సిలిండర్ కిట్లు, ఆయిల్ కూడా మార్చేద్దాం పాపా, సోమవారం బండి వదిలెయ్యి." కానీ గురువారం ఆర్‌సీ రెన్యువల్‌కి ఇన్‌స్పెక్షన్ ఉంది. పదిహేనేళ్ళు దాటిన కారు కాబట్టి ఫీజు 5 వేలు కట్టేశాం. సోమవారం నాకు ల్యాబ్ ఎగ్జామ్. డబ్బా మూత తీసి చూశాను, ఆయిల్ నిండుగా ఉంది. ఎక్కడా లీకు లేదు. పెడల్ గట్టిగా ఉంది. టిక్కు పెట్టేశాను. లైను పచ్చగా మారింది. ఇన్‌స్పెక్షన్‌లో బ్రేకులు బాగానే పట్టాయి. అది చదును నేల కదా మరి.

దసరా సెలవుల్లో బయల్దేరాం. పోనూ సుమారు 350 కిలోమీటర్లు. "మీ ఇద్దర్నే పంపను" అని నాన్న వెనక సీటెక్కారు. ఎక్కే ముందు అడిగారు, "బ్రేకులు పూర్తిగా చూశారా?" నేను షీటు చూపించాను. అంతా పచ్చ.

మారేడుమిల్లి దాకా పండగలా వెళ్ళాం. గంటకి 45, ఎక్కువంటే 50. మాట వినబడాలంటే అరవాలి. మారేడుమిల్లి దాటాక చింతూరు వైపు ఘాట్ రోడ్డు. ఎక్కడం రెండో గేరులో బుద్ధిగా ఎక్కాను. దిగడం మొదలయ్యాక వెనక కార్ల వాళ్ళు హారన్ కొడుతుంటే సిగ్గేసి మూడో గేరుకి మార్చాను. ప్రతి మలుపు దగ్గరా బ్రేకు. మళ్ళీ వదలడం. మళ్ళీ బ్రేకు.

ఎనిమిదో తొమ్మిదో మలుపు దగ్గర పెడల్ మెత్తబడింది. స్పాంజి తొక్కినట్టు. ఇంకో మలుపుకి సగం దాకా దిగిపోయింది. నేను గబగబా రెండు మూడుసార్లు కొట్టాను. నోట్లోంచి మాట రావట్లేదు. చెబితే నాన్నకి తెలిసిపోతుందని, ఆ క్షణంలో కూడా నాకు అదే భయం. ఇప్పటికీ దాన్ని తలుచుకుంటేనే ఎక్కువ సిగ్గేస్తుంది.

తాతయ్యకి పక్కన ఉన్న నా కాళ్ళు కనిపించవు. కానీ పెడల్ చప్పుడు వినిపించింది.

"బ్రేకు కొట్టకు. రెండో గేరు."

"తాతయ్యా, బ్రేకు..."

"తెలుసు. క్లచ్, రేజ్, క్లచ్. వెయ్యి."

గేరు గరగరమని అరిచి పడింది. బండి ఎవరో వెనక్కి లాగినట్టు నెమ్మదించింది. "హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగు. ఒకేసారి లాగకు. కొండ వైపే ఉండు." తర్వాత మొదటి గేరు. ఇంజన్ కేకలు పెడుతోంది. ఓ మలుపు దాటాక ఎడమ పక్క కొంచెం చదునుగా మట్టి స్థలం కనిపించింది. అక్కడ ఆగాం. నాన్న దిగి చక్రం కింద రాయి పెట్టారు. నేను సీటులోంచి లేవలేకపోయాను.

ఏం జరిగిందో నాకు అప్పటికే అర్థమైంది. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టిన ఆయిల్‌కి స్టాండర్డ్‌లో రాసుకున్న కనీస హద్దు 140. ఘాటీలో ఆగకుండా తొక్కితే ఆ వేడి వచ్చేస్తుంది, ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే చక్రానికి బలం అందుతుంది. ఆవిరిని నొక్కితే అది నలుగుతుంది, అంతే. నేను చూసింది ఆయిల్ ఎంత ఉందో. చూడాల్సింది ఆయిల్ ఎలా ఉందో. ఆరేళ్ళు కదలని బండిలోని ఆయిల్ అది.

"ఆయిల్ మార్చలేదు నాన్నా" అన్నాను. "బాబాయ్ మార్చమన్నాడు. నేనే టైం లేదని టిక్కు పెట్టేశా."

తిడతారనుకున్నాను. చాలాసేపు లోయ వైపు చూస్తూ నిలబడ్డారు. తర్వాత "తాతయ్యకి కూడా చెప్పు" అన్నారు. చెప్పాను. తాతయ్య, "అడిగినప్పుడు తెలీదు అనుంటే సరిపోయేది కదమ్మా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ముప్పావు గంటకి ఆయిల్ చల్లారి పెడల్ మళ్ళీ గట్టిపడింది. అయినా దాన్ని నమ్మకుండా మొదటి గేరులోనే చింతూరు వైపు దిగాం. హారన్లు వినిపించాయి. కొట్టుకోనిచ్చాం. చింతూరులో డాట్ 3 డబ్బాలు కొని, ఒక చెట్టు కింద బ్రేకుల్లో గాలి తీశాం. అది ఒక్కరు చేసే పని కాదు. ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర నిపుల్ వదులు చేసి బిగించాలి. దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలి, మాదాంట్లో వెనక ఎడమది. నేను బండి కింద, నాన్న పెడల్ మీద. "తొక్కు నాన్నా... పట్టుకో... వదులు." నల్లటి ఆయిల్ సన్న పైపులోంచి సీసాలోకి కారింది. తేనె రంగులో కొత్తది వచ్చేదాకా నాలుగు చక్రాలకీ చేశాం. నాన్న మొత్తం మూడొందల సార్లు తొక్కి ఉంటారు. ఆయన ఆ జీపుని ముట్టుకోవడం నేను చూడ్డం అదే మొదలు.

వెనక్కి వెళ్దామని నేనే అన్నాను. నాన్న తాతయ్య వైపు చూశారు. తాతయ్య "ఇప్పుడు బండి బాగుంది కదా" అన్నారు. కుంట, సుక్మా మీదుగా, దారిలో దర్భా ఘాట్ రెండో గేరులో దాటి, చీకటి పడ్డాక జగదల్‌పూర్ చేరాం.

మర్నాడు పొద్దున్నే చిత్రకోట్. వానలు వెళ్ళిన కొత్త కదా, ఇంద్రావతి నిండుగా ఉంది. నది మొత్తం గుర్రపు నాడా ఆకారంలో ఒక్కసారిగా వందడుగులకి కాస్త తక్కువ లోతుకి పడుతుంది. మేం ఒక్క చూపులో చూసేశాం. తాతయ్యకి కుదరలేదు. ఎడమ చివర నుంచి మెల్లగా తల తిప్పుతూ కుడి చివర దాకా చూశారు. మళ్ళీ అటు నుంచి ఇటు. ముక్కలు ముక్కలుగా, ఏదీ వదలకుండా. అలా ఎంతసేపు చూశారో.

తర్వాత అడిగారు, "ఈ ఇంద్రావతి మన గోదాట్లోనే కదూ కలిసేది?"

"అవును తాతయ్యా."

"అయితే ఈ నీళ్ళు రోజూ మన రేవుకొస్తున్నవే. నేనే ఇటు రాలేదు" అని నవ్వారు.

తాతయ్య చూపు ఇప్పుడు ఇంకొంచెం తగ్గింది. చుక్కల మందు వేస్తున్నాం. జీపు నడుస్తోంది. నెలకోసారి నేను హాస్టల్ నుంచి వచ్చాక గోదావరి గట్టు దాకా వెళ్తాం, ముగ్గురం.

షీటు ఇంకా ఉంది. పచ్చ రంగు ఫార్ములా తీసేశాను. టిక్కు పక్కన కొత్త కాలమ్ పెట్టాను: "ఎలా చూశావు?" అది రాయకుండా టిక్కు పెట్టను. 41వ లైనులో ఇప్పుడిలా ఉంది: "పాతది పూర్తిగా తీసి కొత్తది పోశాం. కిట్లు బాబాయ్ మార్చాడు. రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చాలి. తొక్కింది నాన్న."